పదహారిళ్ళకు కప్పిన పిచ్ కవరు

ఆడిన మ్యాచ్‌ల గురించి రాసేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు. నేను మాత్రం ఆడని మ్యాచ్ ఒకటి చూడ్డానికి విశాఖపట్నం వెళ్ళొచ్చాను. ఈ మాట చెబితే మా ఇంట్లో నవ్వారు, మా వీధిలో నవ్వారు. రైల్లో పక్క బెర్తు ఆయన నవ్వను కూడా నవ్వలేదు, నన్ను ఎగాదిగా చూసి అటు తిరిగి పడుకున్నాడు.

సంగతేమిటంటే, నేను కదిరి దగ్గర ఒక హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు పీఈటీ మాస్టరుగా చేసి రిటైరయ్యాను. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు విశాఖలో భారత్, వెస్టిండీస్‌ల మధ్య వన్డే పెట్టారు. లెక్కల మాస్టరూ నేనూ టిక్కెట్లు కొనుక్కుని, సెలవు చీటీలు రాసిచ్చి, పులిహోర కట్టుకుని బయల్దేరాం. మ్యాచ్ మంగళవారం. తుఫాను ఆదివారమే ఆ ఊరి మీదుగా దాటింది. మా రైలు విజయవాడలో ఆగిపోయింది, ముందుకు దారి లేదన్నారు. ప్లాట్‌ఫారం మీద పులిహోర తిని, అందరినీ కలిపి తిట్టుకుంటూ వెనక్కొచ్చాం.

ఆ పర్యటన కూడా తర్వాత ఆటగాళ్ళ జీతాల తగువులో మధ్యలోనే తెగిపోయింది. పేపర్లు ఆ తగువు గురించే పేజీలు నింపాయి. విశాఖలో ఆగిన ఆట గురించి నేను చదివిన చోట మాత్రం రెండే వాక్యాలు, వాతావరణం బాగాలేక రద్దయిందని. ఊరు ఊరే కూలిపోతే వాతావరణం బాగాలేదట. నాకు ఒళ్ళు మండింది. ఆ రెండు వాక్యాల వెనక ఏముందో ఎప్పటికైనా వెళ్ళి చూడాలనుకున్నాను. అనుకున్న పని చేయడానికి నాకు రిటైరయ్యేదాకా తీరలేదు. లెక్కల మాస్టరు మోకాళ్ళ నొప్పులని రానన్నాడు, అందుకని ఒక్కణ్ణే పోయాను.

మద్దిలపాలెం నుంచి పెందుర్తికి, పొరపాటున

విశాఖలో దిగిన పది నిమిషాలకే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మా వైపు ఎండ చెంప మీద కొడుతుంది గానీ చెమటను ఉండనివ్వదు. ఇక్కడ గాలే తడిగా ఉంది. మద్దిలపాలెంలో ఒక చవక లాడ్జిలో సంచి పెట్టి, కింద హోటల్లో పెసరట్టు తిన్నాను. అరవై రూపాయలు. అందులోకి ఇచ్చిన అల్లం చట్నీ తియ్యగా ఉంది. పచ్చిమిర్చి లేని చట్నీని చట్నీ అనడానికి నాకు నోరు రాదు, అయినా రెండోసారి అడిగి వేయించుకున్నాను.

పాత ఊరు చూద్దామని జంక్షన్‌లో ఒకాయన్ని అడిగాను. "పాత పోస్టాఫీసుకు పోవాలంటే యాడ ఎక్కాలప్పా?"

"ఆ ఎనకాలున్న బస్సెక్కీండి బాబూ, తిన్నగా ఎల్లిపోద్ది," అన్నాడాయన.

ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఎడమ, కుడి, వెనక్కి తిరుగు అని నేర్పినవాణ్ణి నేను. ముందున్న బస్సెక్కాను.

పక్క సీట్లో ఒకావిడ కూరగాయల సంచితో కూర్చుంది. వాళ్ళది తణుకు దగ్గర పల్లెటూరట, భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగమై ఇక్కడ స్థిరపడ్డారట. నేనెందుకొచ్చానో చెప్పాను. ఆవిడ నవ్వకపోవడం నాకు నచ్చింది.

"మ్యాచ్ సంగతి ఎవరిక్కావాలండీ అప్పుడు?" అందావిడ. "ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయిందండి. అయిపోయింది కాబోసనుకుని అందరం బయటికొచ్చేశాం. కాసేపటికి ఈసారి ఎదురుపక్క నుంచి మొదలైందండి. పొద్దున్న తట్టుకున్న తలుపులే మధ్యాహ్నం ఊడిపోయాయి. మర్నాడు చూస్తే మా బాల్కనీలోంచి కొండ కనిపించింది. అన్నేళ్ళూ అక్కడ కొండుందనే నాకు తెలీదండి, చెట్లే కనబడేవి."

ఈ మాటలు వింటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చివరికి కండక్టరమ్మ వచ్చి భుజం తట్టింది. "పాత పోస్టాఫీసన్నారు గదా బాబూ, ఇది పెందుర్తి. మీరు దిగరేటి?"

తొందరలో దిగుతుంటే నా భుజాన ఉన్న బ్యాగు పట్టీ బస్సు కమ్మీకి తగులుకుని పుటుక్కున తెగింది. తప్పు బస్సు ఎక్కినందుకు కండక్టరమ్మ మీదా, పట్టీ తెగినందుకు కమ్మీ మీదా విసుక్కున్నాను. నా మీద తప్ప అందరి మీదా విసుక్కోవడం నాకు మొదటి నుంచీ అలవాటే.

పాత పోస్టాఫీసు

రెండు బస్సులు మారి పాత ఊరికి చేరేసరికి మూడయింది. తెగిన బ్యాగును చంకలో పెట్టుకుని కుట్టేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, ఒక సందులోకి పంపారు. సందు చివర చిన్న కొట్టు, దాని ముందు వీధిలో సగం దాకా పరిచిన టార్పాలిన్. దాని మధ్యలో అరవయ్యేళ్ళ మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుని కుడుతున్నాడు. తలమీద తెల్ల టోపీ, చేతిలో జానెడు సూది. పేరు మస్తాన్. వాళ్ళ నాన్న నుంచీ అదే పని. పోర్టులో దిగే ఎరువుల బస్తాల మీద, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం, చిరిగితే అతకడం.

"బ్యాగులు కుట్టను గానీ, దూరం నుంచి వచ్చినట్టున్నారు, కూకోండి," అన్నాడు. నా సన్న పట్టీకి లారీ దారం వేసి నాలుగు కుట్లు వేశాడు. ఎంతివ్వాలంటే "టీ తాగించండి చాలు," అన్నాడు. టీ పది రూపాయలు. మా కదిరిలో ఆ గ్లాసుకు రెండు గ్లాసులొస్తాయి. ఆ మాట పైకే అన్నాను.

"మరేటి పనిమీదొచ్చేరు మాస్టారూ?"

ఆడని మ్యాచ్ కథ మళ్ళీ చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ గ్రౌండు కవరు కుట్టింది నానే," అన్నాడు. "ఇప్పినోన్నీ నానే. మల్లీ కుట్టి ఒకడి కడుపు మీద కొట్టినోన్నీ నానే."

ఏడుపు గొంతు కాదు. ఇది జరిగింది అన్నట్టు చెప్పాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

మధురవాడ స్టేడియంలో నూకరాజు అని గ్రౌండ్ పనివాడు ఒకడుండేవాడు. పిచ్ తడపడం, రోలర్ లాగడం, వానొస్తే కవర్లు కప్పడం అతని పని. కవరు చిరిగితే మస్తాన్ దగ్గరికి తెచ్చేవాడు. అలా వచ్చీ పోయీ ఇద్దరూ బావా అంటే బావా అనుకునే స్నేహితులయ్యారు. తుఫాను వెళ్ళిన మూడో రోజు పొద్దున్న, మస్తాన్ తన కొట్టు రేకులు ఏరుకుంటుంటే నూకరాజు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మధురవాడ నుంచి పాత పోస్టాఫీసు దాకా నడిచి వచ్చాడు. దారంతా పడ్డ చెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు గీరుకుపోయి ఉన్నాయి.

"ఏటి బావా అన్నాను. ఆడు, మా కొండ మీద పదహారిళ్ళకి కప్పు నేదు బావా, సన్నగా వాన పడతంది, కవరు ముక్కలు సెయ్యాల, కత్తెట్టడానికి నాకు సెయ్యి రాలేదు, నువ్వు రా అన్నాడు. నాను సెప్పినాను, కత్తెందుకు, అది నాను కుట్టిన కవరు, కుట్టు ఇప్పితే ముక్కకి ముక్క అలగే వచ్చీద్ది, గుడ్డకి గాయం అవదు. మల్లీ కుట్టీవచ్చు."

సూది, చాకు జేబులో వేసుకుని మస్తాన్ కూడా మధురవాడ నడిచాడు. తన కొట్టు మీద కప్పు లేకుండానే నడిచాడన్నది ఆయన చెప్పలేదు. పక్క కొట్టాయన చెప్పాడు.

"మరి కడుపు మీద కొట్టడమేంది?" అన్నాను.

"అది నూకరాజు ఇంటికాడే వినండి. రేపు నానెల్తన్నాను, మీరూ రండి. ఎల్లుండి సభుంది. ఆడిసేత ఒక మాట సెప్పించాల."

మధురవాడ కొండవాలు

మర్నాడు పొద్దున్న మస్తాన్‌తో కొండవాలు మెట్లెక్కాను. పీఈటీ మాస్టరును కదా, దమ్ము ఆపుకుంటూ ఎక్కాను. ఇళ్ళన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నట్టు ఉన్నాయి. ఇప్పుడు చాలావాటికి స్లాబులు వచ్చాయి.

నూకరాజు సన్నటి మనిషి. అరచేతులు మాత్రం వెడల్పుగా, రోలర్ కర్ర పట్టుకున్న చోట కాయలు కాసి ఉన్నాయి. ఇప్పుడు కాలనీ మైదానంలో కుర్రాళ్ళ ఆటలకు పిచ్ తయారు చేస్తాడట, ఎంతిస్తే అంత. ఆయన భార్య పైడమ్మ మమ్మల్ని చూడగానే చెంబులతో చోడంబలి తెచ్చింది. చోళ్ళంటే మా రాగులే. మా వైపు రాగిపిండిని సంగటి ముద్ద చేసి, శెనగ్గింజల చట్నీతో మింగుతాం. వీళ్ళు మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగుతారు. నేను ముద్ద గురించి చెబితే పైడమ్మ జాలిగా చూసింది. "ఎండల్లో అంత గట్టిది ఎలగ దిగుద్ది బాబూ?" అంది.

అంబలి తాగాక మిగతా కథ విన్నాను.

సోమవారం నూకరాజు డ్యూటీకని గ్రౌండుకు వెళ్ళాడు. పైవాళ్ళెవరూ లేరు. ఫోన్లు లేవు, కరెంటు లేదు. స్టోర్ గది తాళం చెవి అతని మొలతాడుకే ఉంది. పెద్ద కవరు లోపల పొడిగా, మడతపెట్టి ఉంది. మంగళవారం ఆట లేదని చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో బాలింత కూతురు, తొమ్మిది రోజుల పసిబిడ్డ, నెత్తిన ఆకాశం. ఒక రోజంతా ఆలోచించాడట. తర్వాత పాత పోస్టాఫీసుకు నడిచాడు.

ఇద్దరూ స్టోర్ గది ముందు కూర్చుని కుట్లు విప్పితే పదహారు పట్టీలు వచ్చాయి. ఇంటికొకటి. ఇల్లంతా కప్పడానికి చాలదు, మనుషులు పడుకునే మేర చాలింది. మస్తాన్ ఒక్కో పట్టీ అంచున దారంతో ముడులు వేశాడు, ఒకటో పట్టీకి ఒక ముడి, పదహారో దానికి పదహారు. ఏది ఎవరి ఇంటికి వెళ్ళిందో నూకరాజు గుర్తుపెట్టుకున్నాడు. రేకులు దొరికేసరికి నెల పట్టింది. అప్పుడు పదహారిళ్ళ వాళ్ళూ పట్టీలు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చిచ్చారు. మస్తాన్ మూడు రోజులు కూర్చుని తిరిగి కుట్టాడు. కవరు స్టోర్ గదికి చేరిపోయింది. ఎవరికీ ఏమీ తెలియదు.

"మరి ఎట్లా బయటపడింది?"

పైడమ్మ తల వంచుకుంది. "నా వల్లే బాబూ. ఆ కప్పు కిందే మనవరాలికి బారసాల సేసినాం. కప్పుకి పసుపు రాయకుండా బారసాలేటి? కొత్త కప్పు గదా. సెయ్యి ముంచి అద్దీసినాను, మూడు బొట్లు ఎట్టీసినాను. ఎంత తోమినా పోనేదు."

"నీ వల్ల కాదు సెల్లీ," అన్నాడు మస్తాన్. "మీ ఇంటి మీద ఆ పట్టీని తిరగేసి ఏసినారు. నున్నటి మొహం లోపలికుంది, పసుపు దాని మీద పడ్డాది. కుట్టినప్పుడు దాన్నొక్కదాన్నీ మొహం కిందకెట్టి కుట్టుంటే పసుపు నేలకేసి ఉండును, ఎవులికీ కనపడకపోను. నాను సూసినాను కూడాను. గానీ మంచి మొహం కిందకెట్టి కుట్టడం మా నాయిన నాకు నేర్పలేదు. సెయ్యి వద్దంది."

కొన్నాళ్ళకు ఒక ఆటలో చినుకులు పడ్డాయి. నూకరాజు వాళ్ళు పరుగెత్తి కవరు పరిచారు. నడి పిచ్ మీద పసుపు చెయ్యి, మూడు కుంకుమ బొట్లు. అప్పట్లో ఆ పని చేయించే కాంట్రాక్టరు ఇదేమిటని అడిగాడు. నూకరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. కేసు పెట్టలేదు గానీ, తాళం చెవి తీసుకుని, దొంగను గేటు లోపలికి రానివ్వొద్దని చెప్పేశారు. అది మొదలు నూకరాజు స్టేడియం లోపల కాలు పెట్టలేదు.

ఇక సభ సంగతి. తుఫానులో సేవ చేసినవాళ్ళకు ఇన్నేళ్ళ తర్వాత ఆ పేట నాయకుడొకాయన సన్మానం పెట్టాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కదా. ఆయనకు ఈ పదహారిళ్ళ సంగతి ఎవరో చెప్పారు. ఆయన కబురు పంపాడు. ఆ కవరు పట్టీలు తానే పంచమన్నట్టు నూకరాజు మైకులో చెప్పాలి. చెబితే దొంగ అన్న మాట చెరిగిపోతుంది. ఇప్పటి గ్రౌండ్ కాంట్రాక్టరు ఆయన మనిషే కాబట్టి నూకరాజును మళ్ళీ పనిలో పెట్టిస్తాడు.

"సెప్పీ బావా," అన్నాడు మస్తాన్. "నోటి మాటే గదా. నా సూది సేసిన తప్పు ఇలగైనా దిద్దుకోనీ."

నూకరాజు పైడమ్మ వంక చూశాడు. పైడమ్మే అంది. "సారు పంచినారంటే అది సర్కారు పంచే బియ్యంలాటి సామానైపోద్ది అన్నా. మరి మేం ఉతికి, మడతెట్టి తిరిగిచ్చింది ఏటైపోద్ది? ఎవులైనా పంచిన సామాను తిరిగిత్తారా?"

అందరూ నా వంక చూశారు. చదువుకున్నవాడిని, పెద్దవాడిని, ఏదో ఒకటి చెబుతాననుకున్నారు. నేను తొందరపడ్డాను. "చెప్పేయప్పా నూకరాజూ. ఒక్క మాటతో నీ గ్రౌండ్ నీకొస్తుంది. దీంట్లో అంత ఆలోచించేదేముంది?" అన్నాను. పైడమ్మ చెంబులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ రాతలో నేను దాచిపెట్టదలచుకోలేదు, ఆ సలహా ఇచ్చింది నేనే.

రుషికొండ

ఆ సాయంత్రం నూకరాజు నన్ను రుషికొండ తీసుకెళ్ళాడు. మా జిల్లావాడికి సముద్రం చూపించడం ఇక్కడివాళ్ళకు సరదా. నేను ప్యాంటు మడిచి నిలబడితే, ఒకే అల వచ్చి మోకాళ్ళు దాటి జేబులోని లాడ్జి తాళం దాకా తడిపింది. ముంత మసాలా కొనుక్కున్నాం, పొట్లం నలభై రూపాయలు. మా బొరుగుల మసాలాకు ఇది మేనత్త కూతురే, కారం మాత్రం పుట్టింట్లో వదిలేసి వచ్చింది.

వెనక కొండ మీద ఐటీ ఆఫీసుల అద్దాలు మెరుస్తున్నాయి. మబ్బు పడుతోంది. మా వైపు మబ్బు కనిపిస్తే పనులు ఆపి బయటికొచ్చి చూస్తాం. నూకరాజు మబ్బును చూసి, మేం తింటున్న పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అందులో ఏముందప్పా, ఆ గ్రౌండులో? బయట కూడా చేస్తున్నావు కదా అదే పని?" అని అడిగాను.

"ఆట రోజు పొద్దున్నే ఎవులూ రాకముందు కవరు తీసినప్పుడు మట్టి వాసనొత్తది మాస్టారూ. అప్పుడు దాన్ని మొదట ముట్టుకునేది నానే. ఆ ఆటగాల్లు, ఆ కెమేరాలు, అందరూ ఎనకాలే. నానొక పిచ్ సేసినానంటే అందులో బంతి ఎలగ పోద్దో నాకు తెలుసు. టీవీలో సూత్తాను ఇప్పుడు. సూసి లాభమేటి?" అన్నాడు. "నాకు లోపలికెల్లాలనుంది. మీరు సెప్పినట్టే సెప్పీత్తాను రేపు."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మధ్యాహ్నం పైడమ్మ అడిగినదానికి నేను జవాబు చెప్పకుండానే సలహా ఇచ్చానని అప్పుడు తోచింది. ఆ మాట అతనితో చెప్పడానికి మొహం చెల్లక, సముద్రం గురించి ఏదో మాట్లాడాను.

కాలనీ మైదానంలో సభ

సభ మర్నాడు పొద్దున్న పదింటికని పదకొండున్నరకు మొదలైంది. ఈ విషయంలో కదిరికీ విశాఖకూ తేడా లేదు. శామియానా, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, చెవులు చిల్లులు పడే మైకు. సభ తర్వాత కుర్రాళ్ళ క్రికెట్ ఉందని పిచ్ ముందే తయారు చేసి, నాలుగు పక్కలా తాడు కట్టి ఉంచారు. అది నూకరాజు చేసిందే. అటు నడిచిన ఫొటోగ్రాఫరును రెండుసార్లు కేకలేశాడు.

నాయకుడు నేననుకున్నట్టు లేడు. మెత్తగా మాట్లాడే మనిషి. తుఫాను తర్వాత నాలుగో రోజు ఆ కొండ కిందికి నీళ్ళ ట్యాంకరు తెచ్చింది ఆయనే. పాలు దొరకని రోజుల్లో బాలింతలకు పాల ప్యాకెట్లు పంపిందీ ఆయనే. పక్కన కూర్చున్న ఆడవాళ్ళే నాకు చెప్పారు. చేసిన మంచి అంత ఉండగా చేయనిది ఒకటి ఎందుకు కావలసి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆటతో ముడిపడినది అయితే పేపర్లో ఫొటో పడుతుందని మస్తాన్ అన్నాడు.

శాలువా కప్పి, నూకరాజుకు మైకిచ్చారు. పైడమ్మ నాలుగో వరుసలో ఉంది. ఆమె చుట్టూ ఆ పదహారిళ్ళవాళ్ళు.

"సారు మంచోరు," అని మొదలుపెట్టాడు నూకరాజు. మైకు కీచుమంది. కొంచెం దూరం పెట్టుకున్నాడు. "తుఫాను ఎల్లిపోయినాక మా ఇల్లకి కప్పు నేకపోతే, సారు నాతోటి..."

ఆగాడు. నాయకుడు నవ్వుతూ తల ఊపాడు. మస్తాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నూకరాజు నాలుగో వరుస వంకే చూస్తున్నాడు.

"సారు నాతోటి ఎలగ సెప్తారు?" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ఫోన్లే నేవు గదా."

జనం ఒక్కసారిగా నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. టవర్లన్నీ పడిపోయి, కన్నవాళ్ళ కబురు కూడా తెలియక అల్లాడిన రోజులు అక్కడున్న ప్రతివాళ్ళకూ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆ నవ్వుకు నాయకుడు కూడా నవ్వక తప్పలేదు.

"సారు నీల్లు తెచ్చినారు, పాలు పంపినారు. అది నిజం," అన్నాడు నూకరాజు. "కవరు మాత్రం ఎవులూ ఇమ్మనలేదు. అడగడానికి ఎవులూ నేరు. నానే తాళం తీసి తెచ్చీసినాను. నన్ను దొంగన్నారు. తెచ్చినోన్ని నాను, నన్నంటే అన్నారు. గానీ పదహారిళ్ళోల్లు నెల్లాల్లు దాని కింద పడుకుని, ఉతికి, మడతెట్టి తిరిగిచ్చినారు. మల్లీ వానొత్తే తమకి ఏటి దిక్కనుకోకుండా ఇచ్చినారు. ఒక్క ముక్క తగ్గలేదు. ఇది ఎక్కడా రాయలేదు. అందుకని సెప్తన్నాను."

మైకు తిరిగిచ్చేసి దిగిపోయాడు. చప్పట్లు పెద్దగా లేవు. కొండ మీది ఆడవాళ్ళు కొట్టలేదు కూడా, కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నాయకుడు మైకు అందుకుని నూకరాజు నిజాయితీని రెండు ముక్కల్లో పొగిడి, తర్వాతి పేరు పిలిచాడు. ఆయన పక్క మనిషి మాత్రం మా దగ్గరకొచ్చి మస్తాన్‌తో, "మీ బావకి బతకడం తెల్దు. గేటు మాట మర్సిపొమ్మను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను పైడమ్మ దగ్గరకు వెళ్ళి, "నేను నిన్న తప్పు చెప్పానమ్మా," అన్నాను. "మరేటి బాబూ, మీరు ఆడి మంచికే సెప్పినారు," అంది. పెద్దవాళ్ళం కదా అని మమ్మల్ని ఇలా తేలిగ్గా వదిలేస్తారు.

పక్క గేటు

సాయంత్రం కుర్రాళ్ళ ఆట అయ్యాక, నూకరాజు, మస్తాన్, నేను ఆటో ఎక్కాం. స్టేడియం ముందు నుంచి పోతుంటే నూకరాజు "ఒక్కపాలి ఆపు బాబూ," అని ఆటో అతనితో అన్నాడు. శాలువా సీట్లో పెట్టి దిగాడు. మేమూ దిగాం.

పెద్ద గేటు వైపు పోలేదు. గోడ వెంబడి పక్కనున్న చిన్న గేటు దాకా నడిచాడు. దాని కమ్మీల్లోంచి ప్రాక్టీసు పిచ్‌లు కనిపిస్తాయి. వాటి మీద నీలం కవర్లు కప్పి ఉన్నాయి. లోపల స్టూలు మీద వాచ్‌మన్ కూర్చున్నాడు, నూకరాజును ఎరగని మనిషి. సముద్రం వైపు నుంచి మబ్బు వచ్చేసింది.

నూకరాజు రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని కాసేపు చూశాడు.

"తమ్మీ," అని పిలిచాడు. "ఆ మూల తాడు వదులైపోయింది సూడు. గాలొత్తే లెగిసిపోద్ది."

"నీకెందుకు పెద్దాయనా?" అన్నాడు వాచ్‌మన్. లేవలేదు.

"తడిసిపోద్ది బాబూ. రెండు దినాలదాకా ఆరదు. ఒక్కపాలి కట్టీ."

బతిమాలుతున్న గొంతు అది. పొద్దున్న అంతమంది ముందు నాయకుణ్ణి కాదన్న మనిషి, ఒక తాడు కోసం బతిమాలుతున్నాడు. వాచ్‌మన్ ఆయన్ని ఒకసారి, మబ్బును ఒకసారి చూసి, విసుక్కుంటూనే లేచాడు. వెళ్ళి తాడు చుట్టబోయాడు.

"అలగ కాదు. కిందనుంచి తియ్యి. ఆ, మేకు ఎనకనుంచి. ఇంకో సుట్టు."

కట్టాడు. రెండో మూల కూడా చెప్పాడు, అదీ కట్టాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. వాచ్‌మన్ పరుగెత్తి గొడుగు కిందికి పోయాడు. ఆటో అతను హారన్ కొట్టాడు. మస్తాన్ టోపీ తీసి జేబులో పెట్టుకుని, నూకరాజు పక్కన నిలబడ్డాడు. నేను రెండో పక్కన నిలబడ్డాను. గాలి వచ్చి కవరు అంచును రెండుసార్లు లేపబోయింది, తాడు ఆపింది.

వాన వెలిసేదాకా ముగ్గురం తడుస్తూ అక్కడే ఉన్నాం. కవరు కిందికి నీరు పోలేదని చూసుకున్నాకే నూకరాజు కమ్మీలు వదిలాడు.